గంజాయి కేసు పడ్డ మనిషికి చికిత్స: ఎర్రగడ్డా, ప్రైవేట్ రిహాబా, జైలు ఆసుపత్రా?

ఇంట్లో ఒకరి మీద ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల చట్టం) కేసు పడగానే రెండు పరుగులు ఒకేసారి మొదలవుతాయి. బాబాయో మేనమామో లాయర్ కోసం నాంపల్లి కోర్టు చుట్టూ తిరుగుతుంటాడు. అక్కో వదినో ఫోన్ పట్టుకుని రిహాబ్ సెంటర్ల రేట్లు కనుక్కుంటూ ఉంటుంది. ఈ రెండు పరుగులూ ఎక్కడా కలవవు. లాయర్‌గారికి మందుల సంగతి పట్టదు, రిహాబ్ వాళ్లకు కోర్టు సంగతి తెలీదు. మూడు నెలలు ఉంచుకుని, అడిగినంతా కట్టించుకుని ఇచ్చిన సర్టిఫికెట్ తీరా జడ్జి ముందు పెట్టాక, ఈ సంస్థకు ప్రభుత్వ గుర్తింపు ఉందా అని అడిగితే అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు.

అందుకని ఇక్కడ ఏసీ గదులు, యోగా హాళ్ల జోలికి పోను. మూడే చూస్తాను. మానేసిన మొదటి వారంలో ప్రాణం మీదకు రాకుండా కాచుకునే డాక్టర్ ఉన్నాడా? అక్కడిచ్చే కాగితం కోర్టులో నిలుస్తుందా? బయటికొచ్చాక కనీసం ఏడాదిపాటు పట్టించుకునేవాళ్లుంటారా? ఈ మూడింటితో కొలిస్తే, వాడకం కేసుల్లో ఇరుక్కున్న చాలామందికి హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల లాంటి ప్రభుత్వ ఆసుపత్రి ఓపీ నుంచి మొదలుపెట్టడమే మేలు అనేది నా అభిప్రాయం. అందరికీ కాదు. ఎవరికి కాదో కూడా చెబుతాను.

ముందు తూకం చూడండి

చికిత్స వల్ల కేసులో ఏమైనా ఊరట ఉంటుందా లేదా అన్నది పంచనామాలో రాసిన బరువును బట్టి ఉంటుంది. చట్టం దృష్టిలో 'చిన్న పరిమాణం' అంటే గంజాయికి ఒక కిలో, గంజాయి జిగురైన చరస్‌కు 100 గ్రాములు, హెరాయిన్‌కు 5 గ్రాములు, కొకైన్‌కు 2 గ్రాములు, ఎండీఎంఏ అనే పార్టీ మత్తుమందుకు అర గ్రాము. గంజాయి 20 కిలోలు, ఎండీఎంఏ 10 గ్రాములు దాటితే 'వాణిజ్య పరిమాణం' కిందకు వెళ్తుంది. అక్కడ సెక్షన్ 37 అడ్డుపడి బెయిలే గగనమవుతుంది.

పబ్బు కుర్రాళ్లు పొరబడేది ఎండీఎంఏ దగ్గర. 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు, కలిపిన పిండితో సహా మొత్తం మిశ్రమం బరువే లెక్క అని తేల్చింది. అంటే బిళ్లలో అసలు మందు ఎంత తక్కువున్నా బిళ్ల మొత్తం తూకానికి వస్తుంది. రెండు మూడు బిళ్లలు జేబులో ఉంటేనే అర గ్రాము దాటిపోవచ్చు. 'మావాడి దగ్గర దొరికింది చాలా తక్కువ సార్' అని ఇంటివాళ్లు అనుకోవడం వేరు, ల్యాబ్ రిపోర్టులో ఉండేది వేరు.

వాడినందుకు మాత్రమే పెట్టే కేసు సెక్షన్ 27. కొకైన్, మార్ఫిన్, హెరాయిన్ లాంటివైతే ఏడాది వరకు జైలు లేదా 20 వేల వరకు జరిమానా, లేదా రెండూ. గంజాయి లాంటి మిగతావాటికి ఆరు నెలలు లేదా 10 వేలు, లేదా రెండూ. ఈ కేసులకు, చిన్న పరిమాణం కేసులకు చట్టంలోనే రెండు తలుపులున్నాయి.

మొదటిది సెక్షన్ 64ఏ. వ్యసనపరుడైన మనిషి తనంతట తానుగా ముందుకొచ్చి, ప్రభుత్వం లేదా స్థానిక సంస్థ నడిపే, లేదా గుర్తించిన ఆసుపత్రిలో చికిత్స తీసుకుంటే అతన్ని ప్రాసిక్యూట్ చేయకూడదు. ఒక మెలిక ఉంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణను వెనక్కి తీసుకోవచ్చు. రెండోది సెక్షన్ 39. ఇది నేరం రుజువయ్యాక తెరుచుకునే తలుపు. శిక్ష వేసే బదులు, అతని సమ్మతితో, బాండు రాయించుకుని చికిత్సకు పంపే అధికారం కోర్టుకుంది. ఏడాదికి మించని గడువులోపు చికిత్స ఫలితం మీద రిపోర్టు కోర్టుకు ఇవ్వాలి. అది బాగుంటే, మూడేళ్లకు మించకుండా ఇంకో బాండు మీద మందలించి వదిలేయొచ్చు. ఇక్కడ కూడా ఆసుపత్రి ప్రభుత్వానిదో, ప్రభుత్వం గుర్తించినదో అయివుండాలి.

రెండింటిలో ఏది మంచిదంటే, దొరికితే 64ఏనే. శిక్ష దాకా పోదు, ఉద్యోగానికీ పాస్‌పోర్టుకూ రేపు వచ్చే తలనొప్పి తగ్గుతుంది. కానీ అది అందరికీ సరిపోదు. చట్టం 'వ్యసనపరుడు' అంటోంది, అంటే ఆ మత్తు లేకపోతే ఉండలేని స్థితికి చేరిన మనిషి. ఫామ్‌హౌస్ పార్టీలో మొదటిసారి దమ్ము లాగి యూరిన్ టెస్టులో పాజిటివ్ వచ్చిన బీటెక్ కుర్రాడు వ్యసనపరుడు అవుతాడా? డాక్టర్ రాసే కోడ్‌లోనే ఈ తేడా కనిపిస్తుంది. డిశ్చార్జి సమ్మరీలో ఎఫ్12.1 అని ఉంటే గంజాయి హానికరమైన వాడకం, ఎఫ్12.2 అని ఉంటే గంజాయి మీద ఆధారపడ్డ స్థితి. ఒక్క అంకె తేడా. లాయర్ ఆ అంకె చూడకుండా 64ఏ పిటిషన్ వేస్తే, అవతలి ప్రాసిక్యూటర్ దాన్ని చూపించి కొట్టేయించే అవకాశం ఇచ్చినట్టే. అలాగని లేని వ్యసనాన్ని రాయమని డాక్టర్‌ను బతిమాలకండి. రాయరు, రాయకూడదు కూడా. అలాంటి కుర్రాడికి దారి వేరు: కౌన్సెలింగ్, ఓపీ ఫాలో అప్, తక్కువ శిక్ష కోసం వాదన. వాడినవాళ్లను నేరస్థులుగా కాక బాధితులుగా చూస్తామని తెలంగాణ పోలీసు పెద్దలు పలుమార్లు చెప్పారు. ఆ మాటను మీ కేసు డైరీలో ఎంతవరకు పాటించారో లాయర్ చూడాలి.

ఇంకో సంగతి. మద్యానికి ఈ రెండు సెక్షన్లూ వర్తించవు. డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికి, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటినవాడికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 పడుతుంది. గోషామహల్ ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇంటివాళ్లతో సహా కూర్చోబెట్టే కౌన్సెలింగ్ ఉంటుంది కానీ అది వ్యసనానికి చికిత్స కాదు. రెండోసారి దొరికినవాడైతే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లాల్సిందే. ఆ కాగితం శిక్ష తగ్గించే వాదనకు పనికొస్తుంది, అంతకుమించి హక్కుగా అడగడానికి లేదు.

ఏం వాడుతున్నాడు అనేది ఎంపికను మార్చేస్తుంది

గంజాయి ఆపేస్తే చిరాకు, నిద్రపట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం ఉంటాయి. మొదటి వారం గట్టిగా ఉండి, రెండో వారానికి తగ్గుముఖం పడతాయి. ప్రాణాపాయం లేదు. దానికంటూ ప్రత్యేకమైన మందూ లేదు, కౌన్సెలింగే చికిత్స. కాబట్టి గంజాయి ఒక్కటే వాడేవాణ్ని నెలల తరబడి తాళం వేసి ఉంచడానికి వైద్యపరంగా పెద్ద కారణం కనిపించదు. ఓపీలో అయిపోయే పని.

మద్యం, కల్లు అలా కాదు. రోజూ తాగే మనిషి ఆపిన రెండు రోజుల్లోపే ఫిట్స్ రావచ్చు, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, లేనివి కనిపించి, ఒళ్లంతా వణుకు పట్టి ప్రాణం పోవచ్చు కూడా. మన తెలంగాణ కల్లు కాంపౌండ్లలో ఇంకో ముప్పుంది. కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి ప్రాణాలు పోయింది అల్ప్రాజోలం వల్లనే అని అప్పట్లో అందరూ చదివారు. ఏళ్ల తరబడి అలాంటి కల్లు తాగినవాళ్లకు తాము మత్తుబిళ్ల మీద బతుకుతున్నామని కూడా తెలీదు. అది హఠాత్తుగా ఆగితే ఫిట్స్ ఖాయం అన్నంత ముప్పు. డాక్టర్ ఆ బిళ్ల మోతాదును వారాల తరబడి మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. 2020 మార్చి లాక్‌డౌన్‌లో కల్లు, మద్యం ఒకేసారి మూతపడగానే ఎర్రగడ్డ ఓపీ కిక్కిరిసింది ఇందుకే. ఇలాంటి మనిషిని పోలీసులు పట్టుకెళ్లి రిమాండ్‌కు పంపారంటే, లాయర్ కంటే ముందు డాక్టర్ కావాలి. స్టేషన్‌లోనే, మేజిస్ట్రేట్ ముందు హాజరుపరిచినప్పుడే నోరు తెరిచి చెప్పాలి: రోజూ కల్లు తాగుతాడు, ఆగితే ఫిట్స్ వస్తాయి అని. పరువు కోసం దాస్తే తర్వాత ఏడ్చినా లాభం లేదు.

హెరాయిన్, నొప్పి ఇంజక్షన్లు వాడేవాళ్లకు ఆపినప్పుడు కలిగే బాధ నరకం, కానీ సాధారణంగా ప్రాణం తీయదు. వాళ్ల ప్రాణం తీసేది ఆపిన తర్వాత పాత మోతాదుకు తిరిగి వెళ్లడం. జైల్లో రెండు నెలలు లేకుండా ఉన్న ఒంటికి పాత మోతాదు విషమే. విడుదలైన మొదటి రెండు వారాలు అత్యంత ప్రమాదం. బుప్రినార్ఫిన్ లాంటి మందులు ఈ వ్యసనానికి గట్టి రుజువున్న చికిత్స. 'మందు మానిపించడానికి ఇంకో మందా' అని వెక్కిరించే సెంటర్ కనిపిస్తే అక్కడి నుంచి వచ్చేయండి.

కొకైన్, ఎండీఎంఏ, మెత్‌కు ఆమోదం పొందిన మందేమీ లేదు. మొదటి వారాల్లో దిగులు, చావాలన్న ఆలోచనలు వచ్చే ప్రమాదం ఉంటుంది కాబట్టి మానసిక వైద్యుడి కన్ను తప్పనిసరి.

ఎర్రగడ్డ

మన ఊళ్లో ఎర్రగడ్డ అనేది తిట్టు. చిన్నప్పుడు అల్లరి చేస్తే 'ఎర్రగడ్డలో పడేస్తా' అని బెదిరించని ఇల్లు లేదు. అందుకే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ గేటు దగ్గరకొచ్చి కూడా అమ్మలు వెనకాడతారు. ఓపీ చీటీ రాసే కిటికీ దగ్గర గట్టిగా చెప్పలేక, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని 'మావాడు పిచ్చోడు కాదన్నా, గంజాయి ఒక్కటే' అంటారు. చీటీ రాసే అతను తల కూడా ఎత్తడు, పేరు, వయసు అడుగుతాడు. అతనికి అది పొద్దుటి నుంచి విన్న మాటే.

ఆ సిగ్గు దాటితే లాభాలు గట్టివి. ప్రభుత్వ ఆసుపత్రి కనుక 64ఏ, 39 రెండింటికీ గుర్తింపు అనే ప్రశ్నే లేదు. డాక్టర్లు సైకియాట్రిస్టులు. ఫిట్స్ వస్తే మందు ఉంది. ఖైదీలకు వేరే వార్డు కూడా ఉంది కాబట్టి రిమాండ్‌లో ఉన్నవాణ్ని ఎస్కార్ట్‌తో తీసుకురావడం వాళ్లకు కొత్త కాదు. డబ్బు సమస్య లేదు. మెట్రో దిగితే దగ్గరే, వారం వారం రావడానికి అది చిన్న విషయం కాదు.

నష్టాలూ చెప్పాలి. జనం ఎక్కువ, డాక్టర్ మీతో మాట్లాడే సమయం తక్కువ. పక్క మంచం మీద తీవ్రమైన మానసిక జబ్బున్న మనిషి ఉండొచ్చు, మీవాడు భయపడొచ్చు. కౌన్సెలింగ్ మీరు ఊహించుకున్నంత లోతుగా సాగకపోవచ్చు. ఆ లోటును బయట పూడ్చుకోవచ్చు. వారానికోసారి వేరే కౌన్సెలర్ దగ్గరకు వెళ్లండి, ఆల్కహాలిక్స్ అనానిమస్, నార్కోటిక్స్ అనానిమస్ మీటింగులకు వెళ్లండి, వాటికి ఫీజు లేదు. కానీ రికార్డు మాత్రం ఒకే ఆసుపత్రిలో, ఒకే ఓపీ నంబరు మీద నడవనివ్వండి. సికింద్రాబాద్ వైపు ఉండేవాళ్లకు గాంధీ ఆసుపత్రి సైకియాట్రీ విభాగం, పంజాగుట్ట వైపు వాళ్లకు నిమ్స్ ఉన్నాయి. ఎర్రగడ్డ పేరే గొంతు దిగకపోతే అక్కడికెళ్లండి, మంచిదే.

స్వచ్ఛంద సంస్థల కేంద్రాలు

కేంద్ర సామాజిక న్యాయ శాఖ గ్రాంటుతో నడిచే పునరావాస కేంద్రాలను ఐఆర్‌సీఏలు అంటారు. ఉచితం. పడకలు కొన్నే, వాతావరణం ఆసుపత్రి కంటే ఇంటికి దగ్గరగా ఉంటుంది. గతంలో తాగి మానేసినవాళ్లే సిబ్బందిగా ఉండటం వీటిలో కనిపించే మంచి. రాత్రిపూట డాక్టర్ ఉండకపోవచ్చు. కాబట్టి కల్లు, మద్యం మనిషికి మొదటి వారం పెద్దాసుపత్రిలో గడిచాక ఇక్కడికి మారిస్తే బాగుంటుంది. మీ దగ్గర్లో ఏ కేంద్రం నడుస్తోందో 14446 నంబరుకు చేస్తే చెబుతారు. మానసికంగా కుంగిపోయి ఉంటే 14416, టెలీ మానస్, తెలుగులోనే మాట్లాడతారు.

ప్రైవేట్ రిహాబ్

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఇంటివాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే.

మంచి ప్రైవేట్ కేంద్రాలు నగరంలో లేవని కాదు. రోజంతా డాక్టర్, నర్సు, శిక్షణ ఉన్న సైకాలజిస్టులు, కుటుంబంతో కూర్చుని మాట్లాడే తీరిక, ఇవన్నీ ఉన్నవి ఉన్నాయి. డబ్బున్నవాళ్లకు, దిగులు లాంటి ఇంకో జబ్బు తోడున్నవాళ్లకు, ఇరుగుపొరుగు స్నేహితుల నుంచి కొన్నాళ్లు విడదీయకపోతే లాభం లేదనిపించేవాళ్లకు అవి పనికొస్తాయి. ఊరి చివర ఫామ్‌హౌస్ అద్దెకు తీసుకుని, ప్రహరీ మీద గాజు పెంకులు గుచ్చి, నాలుగు మంచాలు వేసి రిహాబ్ బోర్డు పెట్టినవీ ఉన్నాయి. ఫోన్‌లో రెండూ ఒకేలా మాట్లాడతాయి.

తేడా తెలుసుకోవాలంటే చట్టం ఏమంటుందో తెలిసి ఉండాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే స్థితులు కూడా మానసిక అనారోగ్యం కిందకే వస్తాయి. కాబట్టి అలాంటివాళ్లను చేర్చుకునే ఏ కేంద్రమైనా రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర రిజిస్టరై ఉండాలి. గొలుసుతో కట్టేయడం పూర్తి నిషేధం. బలవంతంగా గుండు గీయకూడదు. సొంత బట్టలు వేసుకునే హక్కు, ఇంటికి ఫోన్ చేసే హక్కు, తన రికార్డులు చూసుకునే హక్కు రోగికి ఉన్నాయి. తన ఇష్టంతో చేరిన మేజర్ వెళ్లిపోతానంటే పంపేయాలి, పరీక్ష కోసం మహా అయితే 24 గంటలు ఆపొచ్చు. ఇష్టం లేకుండా చేర్చాలంటే సెక్షన్ 89 ఉంది. ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, వాళ్లలో ఒకరు సైకియాట్రిస్టు అయివుండాలి. అదీ 30 రోజుల వరకే, సమాచారం ఆ చట్టం కిందే ఉండే మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకు వెళ్లాలి.

ఇవి తెలిశాక, 'మీరేం చెప్పక్కర్లేదమ్మా, రాత్రి వ్యాన్ పంపిస్తాం, నలుగురు మనుషులొచ్చి ఎత్తుకెళ్తారు, మూడు నెలలు మీరు కలవకూడదు' అనే మాట వినగానే ఫోన్ పెట్టేయాలని మీకే అర్థమవుతుంది. పైగా కోర్టు కోణంలో చూస్తే ఇది ఇంకా అధ్వానం. 64ఏకి ప్రాణం 'స్వచ్ఛందంగా' అన్న మాటలో ఉంది. ఎత్తుకెళ్లి పడేసినవాడు స్వచ్ఛందంగా చేరాడని ఏ నోటితో చెబుతారు?

చూడ్డానికి వెళ్లినప్పుడు రిసెప్షన్‌లో కూర్చోకండి. రాత్రి డ్యూటీ రిజిస్టర్ చూపించమనండి. నిన్న రాత్రి ఎవరున్నారు, ఎవరికి ఏ మందు ఎన్నింటికి ఇచ్చారు, సంతకం ఉందా? ఆ పేజీలన్నీ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, ఒక్క కొట్టివేత కూడా లేకుండా నీటుగా ఉన్నాయంటే నిన్న సాయంత్రం కూర్చుని రాసినవని అనుమానించండి. నిజమైన నైట్ రిజిస్టర్ అలా ఉండదు. ఫిట్స్ వస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారో అడగండి, పేరు వెంటనే చెప్పగలగాలి. బాత్రూములు చూడండి. లోపలున్న ఒకరితో సిబ్బంది పక్కన లేకుండా రెండు నిమిషాలు మాట్లాడనివ్వమనండి. ఈ చివరి కోరికకు వచ్చే జవాబే చాలావరకు తేల్చేస్తుంది.

కోర్టు కాగితం సంగతి మరీ ముఖ్యం. మానసిక ఆరోగ్య చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండటం, ఎన్‌డీపీఎస్ చట్టం చెప్పే ప్రభుత్వ గుర్తింపు ఉండటం రెండూ ఒకటేనని గుడ్డిగా అనుకోవద్దు. సర్టిఫికెట్ జిరాక్స్ తీసుకుని అడ్వాన్స్ కట్టే ముందే లాయర్‌కు చూపించండి. సందేహం ఉంటే ప్రైవేట్‌లో ఉంచినా, ప్రభుత్వ ఆసుపత్రిలో ఓపీ రికార్డు పక్కనే నడిపించండి.

ఖర్చు నెలకు వేలల్లో మొదలై లక్షల్లోకి పోతుంది. ఇన్సూరెన్స్ ఉందిగా అనుకుంటే పాలసీ కాగితంలో ఎక్స్‌క్లూజన్ 12 చదవండి. మద్యం, మాదకద్రవ్యాల వాడకానికి చేసే చికిత్సను చాలా పాలసీలు దాని కింద తప్పిస్తాయి. ఇంకో మాట, గోడల మీద రాసే 'కూరలో కలిపి పెట్టే మందు' జోలికి పోకండి. అలాంటివాటిలో డైసల్ఫిరామ్ (మద్యం ఒంటికి పడకుండా చేసే మందు) ఉంటే, తెలియక దాని మీద తాగిన మనిషి బీపీ పడిపోయి చనిపోవచ్చు. అప్పుడు కేసు మీ మీద పడుతుంది.

జైల్లో ఉంటే

చంచల్‌గూడలోనో చర్లపల్లిలోనో ఉన్నవాడికి ఎంపికలు మీ చేతుల్లో ఉండవు, కానీ అసలు లేకుండా పోవు. లోపలికి వెళ్లిన రోజు జైలు డాక్టర్ పరీక్ష ఉంటుంది. పాత ప్రిస్క్రిప్షన్ ఉంటే ఆ రోజే లాయర్ ద్వారానో, జైలు అధికారుల ద్వారానో అందించండి. అక్కడ ప్రిస్క్రిప్షన్ లేని బిళ్ల బిళ్ల కాదు, నిషిద్ధ వస్తువు. మీరే ములాఖత్‌లో చేతికి అందించే ప్రయత్నం చేస్తే ఇంకో కేసు కొనితెచ్చుకున్నట్టే. మందు దొరకడం లేదని ములాఖత్‌లో చెబితే, సరైన చికిత్స ఇప్పించమని, అవసరమైతే ఎర్రగడ్డకు పంపమని కోర్టులో పిటిషన్ వేయించండి. లాయర్‌కు డబ్బు లేకపోతే 15100కు చేయండి. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. రాష్ట్ర న్యాయ సేవాధికార సంస్థ పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు ఆవరణలో ఉంది.

లోపల ఉన్నన్నాళ్లూ మానేశాడు కదా, బాగైపోయాడు అనుకోవడం మాత్రం పెద్ద పొరపాటు. దొరక్క మానేయడం వేరు, చికిత్స వేరు. జైల్లో కౌన్సెలింగ్ ఉంటే పేరు రాయించుకోమనండి, ఆ హాజరు కూడా రేపు పనికొస్తుంది. బెయిల్ వచ్చే ముందు రోజే బయట ఓపీ డాక్టర్‌ను చూసిపెట్టుకోండి. విడుదలైన రాత్రి స్నేహితులు పార్టీ ఇస్తారు. ఆ రాత్రి ఇంట్లోవాళ్లు ఎవరైనా జైలు గేటు దగ్గర ఉండాలి.

ఆడవాళ్లకు దారి ఇంకా ఇరుకు. చంచల్‌గూడలో మహిళల జైలు వేరే ఉంది కానీ, బయట వ్యసన చికిత్స కేంద్రాల్లో చాలావరకు మగవాళ్ల కోసమే. వేరే వార్డు, ఆడ సిబ్బంది లేని కేంద్రంలో ఆడపిల్లను చేర్చకండి, ఎవరెంత నచ్చజెప్పినా సరే. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలైతే ఈ వ్యవహారమంతా జువెనైల్ జస్టిస్ బోర్డు చూస్తుంది. డీ అడిక్షన్ కార్యక్రమానికి పంపమని ఆదేశించే అధికారం ఆ బోర్డుకు ఉంది.

బెయిల్ మీద ఉన్నవాణ్ని చేర్చే ముందు

ఇది ఎవరూ చెప్పరు. బెయిల్ ఆర్డర్‌లో 'ప్రతి సోమవారం స్టేషన్‌లో సంతకం' అని ఉందనుకోండి. మీరు నెల రోజులు లోపల పడుకోబెడితే నాలుగు సంతకాలు పోతాయి, బెయిల్ రద్దుకు ప్రాసిక్యూషన్‌కు సాకు దొరుకుతుంది. చేర్చే ముందే ఆసుపత్రి లెటర్ పెట్టి కండిషన్ సడలింపు పిటిషన్ వేయించండి. వాయిదాలకు రాలేడని చెప్పే ఆబ్సెంట్ పిటిషన్ కూడా లాయర్ చూసుకోవాలి. గుర్తుపెట్టుకుని స్టేషన్ అధికారి ఎస్‌హెచ్‌ఓకు ఒక కాపీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

చేరిన రోజే యూరిన్ టెస్టు చేయించి ఆ రిపోర్టు ఫైల్లో పెట్టండి. రోజూ గంజాయి తాగినవాడికి మానేసిన తర్వాత కూడా వారాల తరబడి, కొందరికి నెలకు పైగా పాజిటివ్ వస్తుంది. మొదటి రోజు రిపోర్టు లేకపోతే, మూడో వారంలో వచ్చే పాజిటివ్‌ను మళ్లీ తాగాడనే చదువుతారు.

ఎవరికి ఏది అని నన్ను అడిగితే, గంజాయి కేసులో బెయిల్ మీద ఉండి ఉద్యోగమో చదువో నడుస్తున్నవాడికి ప్రభుత్వ ఓపీ, దానికి తోడు బయట కౌన్సెలర్. కల్లు, మద్యం, మత్తుబిళ్లల మనిషికి ముందు పెద్దాసుపత్రిలో అడ్మిషన్, తర్వాత ఐఆర్‌సీఏ. హెరాయిన్, ఇంజక్షన్ల మనిషికి బుప్రినార్ఫిన్ ఇచ్చే డాక్టర్ ఎక్కడుంటే అక్కడ, గోడలు ఎంత పాతబడ్డా సరే. ఎండీఎంఏ, కొకైన్ కుర్రాళ్లకు, ఇంట్లో స్తోమత ఉండి, పైన చెప్పిన రిజిస్టర్ పరీక్షలో నెగ్గితే ప్రైవేట్ కేంద్రంలో ఒక నెల, ఆ తర్వాత ఓపీ. మూడు నెలలు, ఆరు నెలలు అని ప్యాకేజీ అమ్మేవాళ్లను, ఆ గడువు ఏ డాక్టర్ ఎందుకు నిర్ణయించాడో అడగండి.

మధ్యలో ఒకసారి మళ్లీ వాడతాడు. చాలామంది వాడతారు, ఈ జబ్బు తీరే అంత. అది తెలిసిన రోజు కొట్టి, అరిచి, ఫైలు చింపి కొత్త సెంటర్ వెతక్కండి. 64ఏ కింద రక్షణ పోయేది చికిత్స వదిలేస్తే. జారిపడి మళ్లీ డాక్టర్ దగ్గరకు వచ్చాడని అదే ఓపీ పుస్తకంలో తేదీతో రాసి ఉంటే, చికిత్స ఆగలేదని చెప్పడానికి లాయర్ చేతిలో ఆధారం ఉంటుంది. అందుకని మర్నాడు పొద్దున్నే పాత చీటీ తీసుకుని అదే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి.